కింది గడియ

పేలికలతో ఎగ్జిబిషన్ కట్టి ఇవ్వమని వెంకటరామారావు కూతురు మా గడప తొక్కిన రోజు, తలుపు మొహాన వేసేద్దామనిపించింది. వేయలేదు. ఎందుకు వేయలేదో శ్రీరామనవమి వచ్చేసరికి బూర్గంపాడులో అందరికీ తెలిసింది.

ముందే చెబుతున్నాను, నేను డిజైనర్ని కాను. ధర్నాలకు టెంట్లు కట్టేదాన్ని. అంగన్‌వాడీ వాళ్ళు కూర్చున్నా, పోడు భూముల వాళ్ళు కూర్చున్నా, గోదావరి ముంపు వాళ్ళు కూర్చున్నా టెంటు నాదే. షామియానా కిరాయికి తెచ్చుకునే తాహతు వాళ్ళలో ఎవరికుంటుంది? పాత చీరలు, సిమెంటు సంచులు, దర్జీల కత్తిరింపులు, నేతవాళ్ళ మగ్గాల కింద రాలే తెగిన పోగులు, ఇవే నా సామాను. వాటితో గోడ నిలబెట్టడం, నీడ పుట్టించడం, లోపలికి వచ్చినవాడు ఎటు తిరిగినా మా బ్యానర్ ముందుకే తేలేలా దారి మలపడం ఎవరూ నేర్పకుండానే వచ్చాయి. పోలీసులు పీకేసేవాళ్ళు. మళ్ళీ కట్టేదాన్ని. పీకిన ప్రతిసారీ ఇంకొంచెం గట్టిగా కట్టడం వచ్చేది. నా చదువు అంతే.

పద్మప్రియది హైదరాబాద్ చదువు. తాసీల్ ఆఫీసు ముందు నేను కట్టిన దీక్షా పందిరిని ఎవరో ఫోటో తీసి పంపితే, ఆ ఫోటో పట్టుకొని వెతుక్కుంటూ వచ్చింది. బూర్గంపాడు రోడ్డు మీద వాళ్ళ పాత జిన్నింగ్ షెడ్డు ఒకటి ఖాళీగా పడి ఉంది. నవమికి భద్రాచలం వచ్చే జనం ఎలాగూ ఆ దారినే పోతారు. ఈ చుట్టుపక్కల బట్ట పని చేసే వాళ్ళందరి సరుకూ అందులో పెట్టాలి. గోడలు, తెరలు, దారులు, కూర్చునే దిమ్మెలు, అన్నీ వాళ్ళ దగ్గర మిగిలిపోయిన సామానుతోనే కట్టాలి. కొత్త మేకు కూడా కొనకూడదని ఆమె పంతం.

మీలాగా ఇంకెవరూ కట్టలేరక్కా అంది. ఊరికే పొగడ్తకు అనలేదు, నిజంగానే అంది.

అమ్మ లోపలి నుంచి ఎడమ చేత్తో మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. పద్మప్రియ థాంక్స్ ఆంటీ అని తాగింది. ఆ నీళ్ళిచ్చిన మనిషి ఎవరో ఆమెకు తెలియదు. నేను చెప్పలేదు. ఆలోచించి చెబుతా పో అన్నాను.

మా అమ్మ సోమమ్మ పోయినేడు ఎండాకాలం దాకా వెంకటరామారావు యూనిఫాం కంపెనీలో కత్తిరింపులు ఏరే ఆడవాళ్ళకు మేస్త్రీ. బడిపిల్లల చొక్కాలు, లాగులు కత్తిరించగా మిగిలిన ముక్కలు గోడౌనులో గుట్టలుగా పడేవి. రంగు వారీగా ఏరి మూటలు కట్టడం వాళ్ళ పని. పొద్దుగూకి ఇంటికి పోయేటప్పుడు తలా ఒక గుప్పెడు ముక్కలు కొంగున వేసుకొని పోవడం మొదటినుంచీ ఉన్న వాడుక. మా కాలనీలో ప్రతి ఇంటి బొంతా ఆ ముక్కలదే. బాలింత కిందికీ అదే బొంత, పీనుగు కిందికీ అదే బొంత. పోయినేడు ముక్కలు కొనే బేరగాడొకడు తగిలాడు. అంతే, ఆ గుప్పెడు దొంగతనమైపోయింది. వెంకటరామారావు గోడౌను తలుపుకు బయటి పక్క గడియ పెట్టించాడు. తలుపు పైభాగం పుచ్చిపోయి మేకు పట్టలేదని కింద పెట్టించాడు, నేలకు జానెడెత్తున, ఎడమ వైపు. పెట్టింది ఆయన డ్రైవరు. పక్కన నిలబడి చూసింది మా అమ్మ. వెంకటరామారావు ఒంగే మనిషి కాదు. కాలి బొటనవేలితో తోస్తే గడియ పడేది, మళ్ళీ తోస్తే వచ్చేది. ఆడవాళ్ళు వచ్చేసరికి ఆయనే తీసి ఉంచేవాడు, తెరిచిన తలుపు అడుగు మూటల చాటున ఉండేది, అందుకే మిగతావాళ్ళకు ఆ గడియ సంగతి తెలియదు.

ఒక మధ్యాహ్నం ఆడవాళ్ళంతా బావి పక్కన అన్నాలు తింటున్నారు. వాళ్ళతో పని చేసే జంపక్క మాత్రం జ్వరంతో ఒళ్ళు కాలుతుంటే లోపల మూటల వెనక పడుకుంది. ఆయన అటు వచ్చాడు. లోపల ఎవరూ కనబడలేదు. కాలితో గడియ తోసి పోయాడు. అమ్మ ఒక్కతే బావి దగ్గర నుంచి చూసింది. జంపక్క లేచి బయటికి వచ్చే ఉంటుందనుకుంది. కాసేపటికి గోడౌను మీదుగా పోయే కరెంటు తీగ నుంచి నిప్పు పడింది. పొగ చూసి అందరూ తలుపు మీద పడి తోశారు. తోస్తే ఎలా వస్తుంది? అమ్మ ఉరికొచ్చి, ఒంగి, కాలిపోతున్న ఇనప గడియను కుడి చేత్తో లాగింది. తలుపు వచ్చింది. జంపక్క అప్పటికే పోయింది.

విచారణకు వచ్చిన ఆఫీసరమ్మ ముందు వెంకటరామారావు చేతులు కట్టుకొని నిలబడి చెప్పాడు. "నేను ఆ తలుపు ముట్టుకున్నదే లేదండీ. దానికి గడియ ఉందన్న సంగతే నాకు తెలియదు. మేస్త్రీ తన పెత్తనం కోసం పెట్టించుకుని ఉంటుంది. లేకపోతే అంతమందిలో అది ఎక్కడుందో ఆమెకొక్కదానికే ఎలా తెలిసింది?"

డ్రైవరు నోరు విప్పలేదు. కాలనీ ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్ళ కళ్ళతో వాళ్ళు చూసింది ఒకటే, సోమమ్మ ఎవరినీ అడగకుండా నేరుగా ఒంగి గడియ లాగడం. వేసినదానికే కదా తీయడం తెలిసేది. అంతే. అమ్మ మాట ఆ పూటతో చచ్చిపోయింది. గోడౌనును ఆయన జేసీబీతో నేలమట్టం చేయించాడు.

జంపక్క తమ్ముడు జంపయ్య దుమ్ముగూడెం వైపు కోయగూడెం మనిషి, వెదురు పని చేస్తాడు. మా ఇంట్లో ఎన్నిసార్లు అన్నం తిన్నాడో లెక్కలేదు. అక్క శవం దగ్గర వాడు అమ్మతో అన్న మాట ఒక్కటే. "మూటలతోపాటు మా అక్కను గూడ మూట గట్టినవు గద సోమమ్మా." ఆ తర్వాత ఏడాది మాట్లాడలేదు. అమ్మ ఏ ఇంటి పేరంటానికీ పోలేదు, ఎవరూ పిలవలేదు. పెళ్ళికి ముందు మగ్గాల మధ్య పెరిగిన మనిషి. తెగిన పోగు అతకాలంటే బొటనవేలికీ చూపుడువేలికీ బూడిద రాసుకొని మెలితిప్పాలి. కాలిన ఆ రెండు వేళ్ళ చర్మం గాజులా నున్నగా అయిపోయింది. పోగు జారిపోతుంది. వాకిట్లో కూర్చొని ఉత్త వేళ్ళు రుద్దుకుంటూ ఉండేది.

ఆ వెంకటరామారావు కూతురు వచ్చి నన్ను ఎగ్జిబిషన్ కట్టమంటోంది.

ఆ సాయంత్రం బొగ్గు ముక్కతో వాకిట్లో షెడ్డు బొమ్మ గీస్తూ కూర్చున్నాను. నాన్న ఎల్లస్వామి మంచం మీద దగ్గుతూ చూస్తున్నాడు. బొగ్గు బావిలో దిగి దిగి రిటైరైన మనిషి. ఎవరికి కడుతున్నావన్నాడు. చెప్పాను. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. తర్వాత ఇంకేదో గుర్తొచ్చినట్టు బావి సంగతి ఎత్తాడు. ఒకసారి నెత్తి మీద దీపం ఆరిపోతే కటిక చీకట్లో ఒక్కడే బయటికి నడిచొచ్చాడట.

"చీకట్ల మనిషికి కండ్లు పనిచెయ్యవు బిడ్డా. అలవాటు పనిచేస్తది. కాలుకు తెల్సిన తొవ్వ కాలే పోతది," అన్నాడు.

నేను బొగ్గు ముక్క కింద పెట్టేశాను. అప్పటిదాకా గీసింది కాలితో చెరిపేశాను. మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి నడుమ ఒక ఇరుకు దారి వచ్చింది, ఆ దారి చివర ఒక తలుపు వచ్చింది. పద్మప్రియకు ఫోన్ చేసి కడతానని చెప్పాను.

సామాను కోసం, మోతీ అని తెలిసినతను నడిపే ట్రాలీ ఆటోలో ఆ మాసమంతా తిరిగాను. ఇప్పపూలు రాలే రోజులు, అడవి దారంతా తీపి వాసన. బోనకల్ వైపు జిన్నింగ్ మిల్లుల్లో దారానికి పనికిరాని పొట్టి దూది బస్తాలకు బస్తాలు ఇచ్చారు. కూర్చునే దిమ్మెల్లో కుక్కడానికి అది. దర్జీ కొట్లలో అంచులు ఇచ్చారు. మధిర అవతల ఒక ఊళ్ళో మగ్గాలు ఒక్కొక్కటే ఆగిపోతున్నాయి. అక్కడొక ముసలామె ఇంట్లో గుంట మగ్గం ఉంది. బట్ట లేదు. దువ్వెన లాంటి అచ్చులో మాత్రం పడుగు కొసలు అలాగే వేలాడుతున్నాయి. కొత్త పడుగు ఎక్కించేటప్పుడు ఆ పాత కొసలకే ఒక్కో పోగూ అతుకుతారు. అందుకని చీర కోసినా కొసలు కోయరు. అవి కోస్తే ఆ మగ్గం ఆగిపోయినట్టే. నేను అడగకుండా పక్కకు జరిగాను. ఆమే కత్తెర తెచ్చి నా చేతిలో పెట్టింది.

"కొయ్యమ్మా. ఇంక దీనికి అతికేవాళ్ళు లేరు," అంది.

కోశాను. ఒళ్ళో పట్టినంత నల్ల, ఎర్ర నూలు. దాన్ని దేనికి వాడాలో నాకు అప్పుడే తెలిసింది.

ఇక యూనిఫాం ముక్కలు. అవి వెంకటరామారావు కంపెనీవే. పద్మప్రియ సంతోషంగా ఇప్పించింది. మా నాన్న అవి అమ్ముకోకుండా ఇవ్వడమే గొప్ప అంది. నీలం ముక్కల మూటలు ఎడమ పక్క, ముదురు నీలం మూటలు కుడి పక్క పేర్చించాను. గోడౌనులో అలాగే ఉండేవి. మధ్యలో ఒక మనిషి భుజాలు ఆడేంత దారి, తలుపు దగ్గర మాత్రం ముగ్గురు నలుగురు నిలబడేంత చోటు. పైన రేకు. నేల ఎడమకు కొంచెం వాలు. అమ్మను అడిగి ఒక్కొక్కటీ కొలుచుకున్నాను. ఎందుకు అడుగుతున్నానో మొదటి రోజే తెలిసిపోయింది ఆమెకు. అయినా చెప్పింది. గడప ఎత్తు, తలుపు వెడల్పు, గడియ ఎంత పొడుగు, తోస్తే ఎంత బిర్రు, అన్నీ. చెప్పేటప్పుడు నా వైపు చూడలేదు.

వెదురు పనికి జంపయ్యను పిలిచాను. వస్తాడనుకోలేదు. ఎవరికైనా పని కావాలి కదా, వచ్చాడు. అమ్మ కుండలో నీళ్ళు తాగలేదు, సీసా వెంట తెచ్చుకున్నాడు. వెదురు చీల్చుతుంటే అమ్మ అటుగా వస్తే వీపు తిప్పేవాడు. నేను కలగజేసుకోలేదు. మాటలతో అయ్యే పని అయితే ఏడాది కింద అయ్యేది.

పద్మప్రియ మాతోపాటే నేల మీద కూర్చొని ముడులు వేసింది. వేళ్ళు బొబ్బలెక్కినా ఆపలేదు. మా అన్నం తిన్నది, పచ్చిపులుసు అడిగి మళ్ళీ వేయించుకుంది. మంచి పిల్ల. మంచిది కావడం నాకు అడ్డం రాలేదు.

గొడవ తలుపు దగ్గరే వచ్చింది. పాత సామాను కొట్టులో నుంచి తెచ్చిన చెక్క తలుపు అది. కింద ఎడమ పక్క గడియ వేయించాను. చేతికి అందే ఎత్తులో పిడి లేదు, గొళ్ళెం లేదు. తలుపు పొడుగునా ముసలామె ఇచ్చిన పడుగు కొసలు పైనుంచి నేల దాకా వేలాడదీశాను. గడియ వాటి వెనక ఉంది. పద్మప్రియ దారిలో నడిచి వచ్చి, తోసి, వెతికి, చివరికి నేను చూపిస్తే తప్ప కనుక్కోలేకపోయింది.

"ఇది ఎవరికి కనిపిస్తుందక్కా? పైకి మార్చేద్దాం."

"పాత తలుపులు గిట్లనే ఉంటయ్."

"జనం ఇరుక్కుపోతారు."

"మొదటి దినం నేను ఆడనే ఉంట. ఎవరికన్న రాకపోతే నేను తీస్త. తెల్లారినాక నీ ఇష్టం, పీకేస్కో."

ఆమె ఆ నూలు కొసల్ని చేత్తో నిమిరింది. అందంగా ఉందనుకుంది. సరేనంది. ఎగ్జిబిషన్ ఎలా వస్తోందో చూడమని వాళ్ళ నాన్నను ఎన్నిసార్లు పిలిచినా ఆయన రాలేదు. పేలికల పని నాకెందుకమ్మా, రిబ్బన్ రోజు వస్తాలే అన్నాడట. నాకు కావలసింది అదే. ఆ దారి ఆయన ముందే చూస్తే మొత్తం పాడైపోయేది.

చివరికి అడ్డం పడింది అమ్మ. మొదలుపెట్టే రోజు పొద్దున్నే రానని మంచం పట్టుకుంది.

"వాడు గడియ ముట్టకపోతే ఏం జేస్తవే?" అంది. "ఎవరన్న ఇంకోలు తీస్తే? గప్పుడు మళ్ళ నన్ను పదిమందిల నిలబెట్టినట్టయితది. ఒక్కసారి సచ్చిన, సాలదా?"

ఆమె అన్నది నిజమే. ఆయన ఆ దారిలో ఆగిపోయి చిరునవ్వుతో వెనక్కి తిరిగితే, కాలనీకి దొరికేది ఒకటే. సోమమ్మ బిడ్డ పగబట్టి తమాషా చేసిందని. అమ్మకు మిగిలిన కాస్త నీడ కూడా పోతుంది. అది తెలిసే కట్టాను. నా దగ్గర ఇంకో సాక్ష్యం లేదు. ఆయన కాలు తప్ప.

"నువ్వు తలుపు అవతల కూసో. ఏం మాట్లాడకు. ఆ సప్పుడు నువ్వు ఇనాలె," అన్నాను. జుట్టు దువ్వి, చీర మార్పించి, రెక్క పట్టుకొని తీసుకొచ్చాను. దయ చూపించలేదు. చూపిస్తే ఇద్దరం ఇంట్లోనే ఉండిపోయేవాళ్ళం.

పదిన్నరకే రేకుల కింద మాడిపోతోంది. అవతల రోడ్డు మీద మిర్చి లారీలు పోతుంటే ఘాటు లోపలికి కొడుతోంది. తలుపు అవతలి పక్క వెలుతురు గదిలో నేతవాళ్ళు, దర్జీలు, మా కాలనీ ఆడవాళ్ళు తమ తమ సరుకు ముందు కూర్చున్నారు. అమ్మను తలుపుకు దగ్గరగా, దిమ్మె మీద కూర్చోబెట్టాను. ఒక గడకు చిన్న బల్బు కట్టి జంపయ్య చేతికిచ్చి దారి చివర, తలుపు ఇవతల మూలన నిలబెట్టాను.

"ఆయన మొహం సూడకు. కాళ్ళు సూడు," అని చెప్పాను.

"ఎందుకే?"

"సూడు."

ముందు వాకిట్లో దీపం వెలిగించారు. దీపం కాబట్టి అందరూ చెప్పులు విప్పారు. వెంకటరామారావు తెల్లటి పంచె, ఇస్త్రీ చొక్కా. ఆయన పక్కన ఆఫీసరమ్మ. పోయినేడు విచారణ చేసిన ఆవిడే. చీఫ్ గెస్టుగా ఆవిడను పిలవమని పద్మప్రియకు సలహా ఇచ్చింది నేనే. వెనక పద్మప్రియ, ఆమె వెనక ఊరి పెద్దలు, ఫోన్లు ఎత్తి వీడియో తీస్తున్న చానెల్ వాళ్ళిద్దరు. నేను ఆఫీసరమ్మ భుజం వెనకే నడిచాను.

దారి మొదట్లో మాటలు నడిచాయి. ఇవి ఏ బట్టమ్మా, ఇవి ఎక్కడివమ్మా అని. లోపలికి పోయేకొద్దీ మూటల మధ్య మాట మింగుకుపోతుంది. బట్ట గోడకు ఆ గుణం ఉంది, చప్పుడును తాగేస్తుంది. బల్బు చిన్నది. ముందున్నవాడి వీపు తప్ప కనిపించదు. వెనకనుంచి జనం తోస్తుంటారు, ఆగడానికి లేదు. ధర్నా టెంట్లలో నేర్చుకున్నదంతా అక్కడ పెట్టాను.

ముందున్నది వెంకటరామారావు. తలుపు ఎదురైంది. అరచేత్తో తోశాడు. రాలేదు. ఆఫీసరమ్మ కూడా చెయ్యి వేసి తోసింది. తెరుచుకోదా అంది. ఊపిరాడటం లేదని వెనకనుంచి ఎవరో విసుక్కున్నారు. పద్మప్రియ అక్కా అని పిలుస్తూ నా వైపు చూసింది. నేను కదలలేదు. ఆయన ఇంకోసారి తోశాడు. ఆ తర్వాత, విసుగ్గా, "ఉండండి" అన్నాడు.

కిందికి చూడలేదు. చేతులు వెనక్కి కట్టుకున్నాడు. ఒంటి కాలి మీద బరువు మోపి, పంచె కొద్దిగా కదిలి, ఎడమ కాలు నూలు కొసల కిందికి పోయింది. బొటనవేలు గడియను వెతకలేదు. నేరుగా పోయి తగిలింది.

టక్.

తలుపు తెరుచుకుంది. వెలుతురు ఒక్కసారిగా మొహాల మీద పడింది. అవతల దిమ్మె మీద మా అమ్మ. కళ్ళు మూసుకొని ఉంది. ఆ చప్పుడుకు తెరిచింది.

ఆయన గడప దాటబోయి అమ్మను చూసి ఆగాడు. నేను ఆయన పక్కకు వచ్చాను. గట్టిగా అరవాలని ఏడాదిగా అనుకున్నాను. అరవలేదు.

"గడియ ఆడ ఉన్నదని మీకెవలు చెప్పిన్రు సార్?"

"ఎవరు చెప్పేదేముంది," అన్నాడు. "అలవాటు..."

అక్కడితో ఆగాడు.

ఆఫీసరమ్మ ఆయన కాలి వైపు చూస్తోంది. నూలు పోగు ఒకటి బొటనవేలికి చుట్టుకొని ఉంది. "ఏ అలవాటండీ?" అని అడిగింది, మామూలుగానే. ఆయన నూలు విదిలించుకోవడానికి కాలు దులిపాడు. రాలేదు. మళ్ళీ దులిపాడు. ఒంగి తీసుకుంటే పోయేది. ఒంగలేదు.

లోపల కాలనీ ఆడవాళ్ళు ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు. ఆ చప్పుడు వాళ్ళకూ తెలుసు. జంపక్క పోయిన రోజు ఆ తలుపు వచ్చేముందు విన్నది అదే. ఏడాది కింద ఒకరి మొహం ఒకరు చూసుకున్నట్టే మళ్ళీ చూసుకున్నారు. ఈసారి తలలు దించుకున్నారు.

మూలన జంపయ్య గడను మూటలకు ఆనించి పెట్టాడు. వెంకటరామారావు భుజానికి భుజం రాసుకుంటూ గడప దాటి పోయి అమ్మ ముందు కూలబడ్డాడు.

"చెయ్యి సూపియ్యి," అన్నాడు.

అమ్మ కుడి చెయ్యి కొంగులో దాచుకుంది. వాడే తీసి, విప్పి, అరచెయ్యి, ఆ రెండు వేళ్ళు చూశాడు. చాలాసేపు పట్టుకొని కూర్చున్నాడు. "నీళ్ళున్నయా?" అని అడిగాడు. అమ్మ లేవబోయింది. లేవనీయలేదు, తనే పోయి ఆమె కుండలో ముంచుకొని తాగాడు.

పద్మప్రియ ఆ సాయంత్రం నా దగ్గరికి వచ్చింది. వాళ్ళ నాన్న అప్పటికే వెళ్ళిపోయాడు. మొహం కడుక్కున్నట్టుంది, ముంగురులు తడిగా ఉన్నాయి. మొదటి రోజే ఎందుకు చెప్పలేదని అడిగింది. చెబితే కట్టనిచ్చేదానివా అన్నాను.

"నన్ను వాడుకున్నావు కదక్కా."

"అవ్. మిగిలిన సామానుతోనే కట్టుమన్నవ్. మాకు మిగిలింది గదే."

ఆమె లేచి తలుపు దగ్గరికి పోయింది. పీకేస్తుందనుకున్నాను. కాసేపు నిలబడి, గడియ కనబడేలా నూలు కొసల్ని ఒక పక్కకు తీసి ముడి వేసింది. నవమి దాకా అలాగే ఉంచింది. వాళ్ళింట్లో ఏం జరిగిందో నాకు తెలియదు. అడగలేదు. నాకు అవసరం లేదు.

ఆ వీడియో పొద్దుగూకేసరికి గోదావరి వంతెనకు అటూ ఇటూ తిరిగింది. గుడికి వచ్చిన జనం రాముడి కల్యాణం చూసి, తలంబ్రాలు కొంగున కట్టుకొని, ఆ గడియ చూడ్డానికి బూర్గంపాడు వచ్చారు. ఒక్కొక్కరూ కాలితో తోసి చూశారు. కిందికి చూడకుండా, వెతుక్కోకుండా ఒక్క తోపుకు తీయడం ఎవరికీ చేతకాలేదు. దానికి బోర్డు రాయలేదు, పేరు పెట్టలేదు. గడియ మాత్రం అన్ని కాళ్ళు తగిలి వెండిలా మెరిసింది. కాలనీ ఆడవాళ్ళు వరసగా వచ్చి అమ్మ దగ్గర కూర్చుని మాట్లాడారు. అమ్మ అందరికీ మజ్జిగ ఇచ్చింది. నేను ఎవరికీ ఇవ్వలేదు. అమ్మకు క్షమించడం వచ్చు. నాకు రాదు, నేర్చుకునే ఉద్దేశమూ లేదు.

విచారణ మళ్ళీ తెరిచారు. ఆయనకు వకీళ్ళున్నారు. కాళ్ళకు కోర్టులో సాక్ష్యం చెప్పడం రాదట, వాళ్ళలో ఒకాయన అలా నవ్వాడని విన్నాను. ఏమవుతుందో తెలియదు.

తొలకరి పడ్డాక ఒక రోజు బ్యాంకుకు పోయాను. వరసలో మా కాలనీ ఆడవాళ్ళు కొందరు, గొడుగులు పట్టుకొని నిలబడి ఉన్నారు. వెంకటరామారావు కారు దిగి వచ్చాడు. గాజు తలుపు ముందు ఆగాడు. ఎప్పుడూ తలుపు తీసిపట్టే వాచ్‌మన్ ఆ పూట లేడు. ఆడవాళ్ళు మాటలు ఆపేశారు. ఒక్కరు కూడా ఆయన మొహం చూడలేదు. అందరూ ఆయన కాళ్ళ వైపు చూశారు. ఆయనకు అర్థమైంది. ముందుకు పెట్టబోయిన ఎడమ కాలు వెనక్కి తీసుకున్నాడు. రెండు చేతులూ ఏం చేయాలో తెలియనట్టు అలాగే వేలాడుతున్నాయి. వానలో తడుస్తూ నిలబడ్డాడు.

నేను వరసలో నుంచి బయటికి వచ్చి తలుపు తీసి పట్టుకున్నాను.

"పోండి సార్," అన్నాను. "గడియ లేదు."